నూరడుగుల గొలుసు

పోయిన వారం మనం సుష్మను కళ్యాణదుర్గం బస్టాండు ఎదుట ఇనుప సామాన్ల అంగడిలో వదిలి వచ్చాం. టెన్నిస్ ఆడే పిల్లకు ఆ అంగట్లో ఏం పని అని కొందరు పాఠకులు నన్ను నిలదీశారు. పనుంది. వంద అడుగుల ఇనుప టేపు ఒకటి కొని, బ్యాగులో రాకెట్ల పక్కన పెట్టుకుని, ఆ పిల్ల కుందుర్పి బస్సెక్కింది.

టేపు ఎందుకో మరిచిపోయినవాళ్లకు ఒక్క మాట. టర్కీలో అంటాల్యా అనే ఊళ్లో, మట్టి కోర్టు మీద, అసలు పోటీకి అర్హత తేల్చే క్వాలిఫయింగ్ ఆఖరి ఆటలో సుష్మ ఓడిపోయింది. ఎదుటి పిల్ల గొప్పగా ఆడి కాదు. చివరి గేములో సుష్మ సర్వీసే నాలుగు పాయింట్లలోనూ గీత దాటి పడింది. రెండు ప్రయత్నాలూ తప్పితే పాయింటు అవతలివాళ్లది. ఆట అయ్యాక చేయి కలపడానికి వచ్చిన రుమేనియా అమ్మాయి ఊరికే పోలేదు. సర్వీసు గీత దగ్గర గొంతుక్కూర్చుని, మట్టిలో బంతి పడ్డ గుర్తులను ఒక్కొక్కటే చూపించింది. గీతకూ గుర్తుకూ మధ్య అరచేయి చాపి పెట్టింది. నాలుగూ ఒకే దూరం, జానెడు. "నువ్వు తప్పు కొట్టడం లేదు, ఇంకేదో గీతకు కొడుతున్నావు" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

ఆ మాట విమానంలోనూ, బస్సులోనూ సుష్మ వెంటే వచ్చింది. ఇప్పుడామెకు ఇరవై ఐదేళ్లు, ప్రపంచ పట్టికలో పదకొండు వందల నలభై మూడో స్థానం. నిరుడు ఈ రోజుల్లో సంపాదించిన పాయింట్లు ఏడాది తిరగ్గానే రాలిపోతాయి. వచ్చే ఆదివారం బెంగళూరులో క్వాలిఫయింగ్ మొదలు. అక్కడ గెలిచి లోపలికి పోకపోతే పట్టికలో ఆమె పేరే ఉండదు. పేరు లేని ఆటగత్తెను ఏ పోటీకీ ఎవరూ పిలవరు. ఇవాళ మంగళవారం. చేతిలో ఐదు రోజులున్నాయి.

*

కుందుర్పికి మూడు మైళ్ల దూరంలో, చెనక్కాయ, అంటే వేరుశనగ చేల మధ్య ఆ కోర్టు ఉంది. నిజానికి అది కళ్లం. పీకిన చెనక్కాయ కట్టె కొట్టుకోవడానికి సుష్మ తండ్రి బయ్యన్న తాతలనాడు చదును చేసిన నేల. పన్నెండేళ్ల క్రితం, అన్నతో భాగాలు పంచుకున్న వారంలోనే, బయ్యన్న ఆ కళ్లాన్ని కూతురికి ఇచ్చేశాడు. గులకరాళ్లు ఏరి, ఎర్రమన్ను పోసి, పేడతో అలికి, రోలర్ లాగించాడు. పుస్తకంలో కొలతలు చూసి గీతలు గీశాడు. గీసి ఊరుకున్నాడా అంటే లేదు. సున్నం గీత వానకు పోతుంది, గాలికి పోతుంది. అందుకని ప్రతి మూలకూ, ప్రతి గీత కొసకూ పొలానికి పాతినట్టే హద్దురాళ్లు పాతాడు. రాయి నుంచి రాయికి పురికొస కట్టి సున్నం పోస్తే చాలు, మళ్లీ కొలవాల్సిన పనిలేదు. పన్నెండేళ్లుగా ఎవరూ కొలవలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కళ్లంలోకి చెప్పులతో పోకూడదు. పండిన గింజ పడే చోటు గనుక అది ఆ ఇంటి ఆచారం. కోర్టు అయ్యాక కూడా బయ్యన్న ఆ ఆచారం వదల్లేదు. కుందుర్పి నుంచి చూడవచ్చిన ఎస్సైని కూడా బూట్లు విప్పించాడు. సుష్మ బూట్లకు మాత్రమే మినహాయింపు.

ఆ మంగళవారం పొద్దు పొడిచేసరికి సుష్మ కళ్లంలో ఉంది. నెట్టు కిందినుంచి టేపు లాగి సర్వీసు గీత దాకా నడిచింది. ఇరవై ఒక్క అడుగులు ఉండాలి. ఇరవై ఒక్క అడుగుల తొమ్మిది అంగుళాలు ఉంది.

మళ్లీ కొలిచింది. అంతే. అవతలి వైపు కొలిచింది. అక్కడా అంతే. వెనక గీత కొలిస్తే ముప్పై తొమ్మిది అడుగులుండాల్సిన చోట ఆపైన అవే తొమ్మిది అంగుళాలు. ఇరవై ఒకటి దగ్గరా జానెడే, ముప్పై తొమ్మిది దగ్గరా జానెడే. తాడు సాగితే ఇట్లా రాదు, దూరాన్నిబట్టి తేడా పెరుగుతుంది. అప్పుడు దేంతో కొలిచారో గానీ దాని మొదట్లోనే జానెడు కలుస్తున్నదన్న మాట.

టేపు చెప్పిన చోట సున్నంతో కొత్త గీత పోసింది. వెనక్కి పోయి పది సర్వీసులు కొట్టింది. పాత గీతకైతే పదీ లోపలే. కొత్త గీతకు ఏడు బయట. ఆ ఏడింటి గుర్తులూ రెండు గీతల మధ్య ఇరుకులో కళ్లెదుటే ఉన్నాయి.

బంతులు ఏరలేదు. రాకెట్ ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. బయటి ఊళ్లలో వందల ఆటలు ఆడింది గదా, ఇన్నాళ్లూ తెలియలేదా అని మీకు అనిపించవచ్చు. మామూలు సమయంలో కన్ను గీతను చూసి చేతిని సర్దుతుంది. ప్రాణం మీదికి వచ్చిన పాయింటులో కన్ను పనిచేయదు, చేయి తనకు తెలిసిన గీతకే పోతుంది. ఆ చేతికి తెలిసింది ఈ కళ్లం గీత. ప్రతి ఓటమి తర్వాతా ఇంటికొచ్చి, పాపం, ఈ తప్పునే వేలసార్లు సాధన చేసి మళ్లీ బయల్దేరింది.

*

బయ్యన్న మోటారు వేసి, గట్టు వెంబడి వచ్చాడు. చెప్పులు విడిచి కళ్లంలోకి అడుగుపెట్టి, కొత్త గీత చూసి ఆగిపోయాడు. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటాడు. కూతురు ఏం చేస్తున్నదని అడగలేదు. అడగకపోవడమే సుష్మకు మొదట గుచ్చుకుంది.

"సంగటి చేసింది మీయమ్మ. తినుపో పాపా" అన్నాడు.

"కోర్టు జానెడు ఎక్కువుండాది నాయనా."

"కొత్త టేపు గదా. తప్పుంటాది."

"ఇనుప టేపు. మూడుసార్లు కొలిచినా." లేచి నిలబడింది. "నువ్వు దేంతో కొలిచినావు అప్పుడు?"

"గొలుసుతో."

"ఏ గొలుసు?"

"మనింట్లో ఉండేది ఒకటే గదా. తాత గొలుసు." బయ్యన్న నడిచిపోయి సర్వీసు గీత కొసన ఉన్న హద్దురాయి మీద కూర్చున్నాడు. "అట్లయినా పదమూడేండ్ల పిల్లకు గీసిన గీతలమ్మా. రోంత అటూ ఇటూ ఉంటాయి."

ఆ గొలుసు గురించి సుష్మకు చిన్నప్పటినుంచీ తెలుసు. నూరడుగుల కొలత గొలుసు. అడుగుకొక ఇనుప కడ్డీ, పదేసి కడ్డీలకు ఒక ఇత్తడి బిళ్ల. ఊరి పొలాలన్నీ ఒకప్పుడు దాంతోనే కొలిచారని, అది అబద్ధం చెప్పదని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు.

"యాడుండాది ఇప్పుడు?"

"యాడో అటక మీద ఉంటాది. ఇప్పుడు దాంతో ఏం పని?"

సుష్మ ఇంటికి పోయింది. అటక మీద పాత గంపలు తప్ప ఏమీ లేవు. పొయ్యి దగ్గరున్న తల్లి ఓబమ్మ తలెత్తి చూసింది.

"గొలుసా? ఆడ లేదు. మోటారు గదిలో పెట్టినాడు మీ నాయన. నాలుగేండ్లాయె. నన్ను గూడ ముట్టనీడు."

"ఏంటికమ్మా?"

"నాకేం తెలుసు? అడిగితే కసురుకుంటాడు."

మోటారు గదిలో స్టార్టరు పెట్టె కింద, గోనెసంచిలో చుట్టి ఉంది గొలుసు. తుప్పు పట్టకుండా నూనె కూడా పూశారు. పనికిరాని వస్తువును దాచేవాడు నూనె పూయడు. సుష్మ దాన్ని భుజాన వేసుకుని కళ్లానికి తెచ్చి, తండ్రి ఎదుట నేలమీద పరిచింది. ఆయన ఆ రాయి మీదనే కూర్చుని ఉన్నాడు.

పిడి దగ్గర మొదలుపెట్టి కడ్డీలు లెక్కపెట్టింది. పది అయ్యాయి. బిళ్ల రాలేదు. పదో కడ్డీ తర్వాత పొట్టి ముక్క ఒకటి ఉంది, మిగతావాటికంటే కాస్త లావు, కొలిమిలో అతికిన గుర్తు తెలుస్తోంది. ఆ తర్వాత బిళ్ల. కొలిచేవాళ్లెవరూ కడ్డీలు లెక్కపెట్టరు, బిళ్లలు చూసుకుంటారు. ఆ ముక్క మీద అరచేయి చాపి పెట్టింది. సరిగ్గా జానెడు.

"ఇది నీకు తెలుసు" అంది సుష్మ.

బయ్యన్న గట్టు వైపు చూశాడు.

"నాయనా. నిన్నే."

"పంపకాల ముందర తెగిపోయింటే కొలిమికాడ అతికించుకొస్తి" అన్నాడు చివరికి. "కమ్మరి తెగిన కడ్డీ అతికినాడనుకొంటి. ముక్క చేర్చినాడని అప్పుడు నాకు తెల్దు. దేవుని మీద ఆన, తెల్దు."

"ఎప్పుడు తెలిసింది?"

"డ్రిప్పు పైపులు వేసినప్పుడు. గొలుసుతో కొలిచి పైపు తెస్తే ప్రతి సాలుకూ పైపు చాల్లేదు. పైపు అంగడోనితో కొట్లాడితి. ఇంటికొచ్చి కడ్డీలు లెక్కపెడ్తి."

"నాలుగేండ్ల కిందట."

"ఊఁ."

సుష్మకు ఏడుపు రాలేదు. కోపం కూడా వెంటనే రాలేదు. ముందు లెక్కలే వచ్చాయి. నాలుగేళ్లలో ఎక్కడెక్కడ ఓడిందో, ఏ ఆటలో ఆఖరి పాయింటు తన సర్వీసే తినేసిందో, అవన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి.

"బెంగళూరులో కోచ్ నా చేయి చూసినాడు. భుజం చూసినాడు. ఏ తప్పూ లేదు, నీ మనసే గట్టిది కాదన్నాడు" అంది. గొంతు మామూలుగానే ఉంది, అదే బయ్యన్నను ఎక్కువ భయపెట్టింది. "నేను నమ్మినా నాయనా. పిరికిదాన్నని నమ్మినా. రూములో అద్దం ముందర నిలబడి నన్ను నేనే తిట్టుకున్యా. అన్ని దినాలూ నీకు తెలుసు."

"చెప్పల్లని శానాసార్లు అనుకొంటి."

"చెప్పింటే సాలు. ఒక్క మాట. గీత తప్పుండాది పాపా అని."

"గీత ఒకటే అయితే చెప్పింటి" అన్నాడు బయ్యన్న. చేయెత్తి తూర్పు వైపు గట్టును చూపించాడు. గట్టుకు అవతల ఆయన అన్న వీరప్ప చేను, ఊడలు దిగే వేళకు వాన లేక ఆకు ముడుచుకుపోయిన చెనక్కాయ. ఇవతల, గట్టుకు మూడే మూడడుగుల దూరంలో, బయ్యన్న బోరు. దాని నీళ్లతో ఈ వైపు చేను పచ్చగా ఉంది. "ఆ గట్టు గూడ ఈ గొలుసుతో వేసిందేనమ్మా."

సుష్మ గట్టు వైపు చూసింది. తర్వాత గొలుసు వైపు చూసింది.

పన్నెండేళ్ల క్రితం, వానలకు పారే పడమటి వంక నుంచి ఆరు గొలుసులు కొలిచి అంతవరకు బయ్యన్నకు, ఆపైన మిగిలింది వీరప్పకు అని పంచారు. సమానమేనన్నారు. వీరప్ప ఒప్పుకోలేదు, తనకు తగ్గిందన్నాడు, సర్వేయరును పిలుద్దామన్నాడు. తాత గొలుసును అనుమానిస్తావా అని బయ్యన్న పదిమందిలో అన్న మీద మాట తూలాడు. ఆ రోజునుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. మరుసటి ఏడు టెంకాయ చేతిలో పెట్టుకుని నీళ్లు చూసే తిప్పయ్య వచ్చి, గట్టు పక్కనే ఒక చోట ఆగాడు. అక్కడ వేస్తే బయ్యన్నకు నీళ్లు పడ్డాయి. వీరప్ప తన వైపు నాలుగు బోర్లు వేశాడు. నాలుగింట్లోనూ దుమ్మే లేచింది.

"ఆరు గొలుసులు" అంది సుష్మ నెమ్మదిగా. "ఆరు జానలు. నాలుగున్నర అడుగులు గట్టు ఇవతలికి రావల్ల."

"బోరు మూడడుగులకే ఉండాది" అన్నాడు బయ్యన్న.

బోరు మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"అంటే అది పెద్దనాయన బోరు."

"నేను తవ్వించిన బోరు." బయ్యన్న గొంతు మొదటిసారి లేచి, అంతలోనే పడిపోయింది. "ఆ నీళ్లు పోతే చెనక్కాయ పోతాది. చెనక్కాయ పోతే నీ టర్కీ ఏంది, బెంగళూరు గూడ లేదు. నువ్వు విమానం ఎక్కిన ప్రతిసారీ ఆ నీళ్ల మీదనే ఎక్కినావు. నోరు ఇప్పితే నీ ఆట ఆగిపోతాది. ఇప్పకపోతే నువ్వు ఓడిపోతాండావు. ఏం చేయల్లో నాకు తెలీలే. రోంత గెలిచి నిలబడితే అప్పుడు చెబుదామనుకొంటి."

"గెలిచేదెట్ల నాయనా, నాకు గీతే లేకపోతే?"

బయ్యన్న పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన ఏడ్వగా సుష్మ ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడూ తుడుచుకుంటున్నది చెమటేనని అనుకోవడానికి ప్రయత్నించింది. తండ్రి మీద జాలి కలిగింది. కలిగినందుకు తన మీద తనకే మంట పుట్టింది. ఈ మనిషి తన కోసం కళ్లం వదులుకున్నాడు, చోటు లేక చెనక్కాయ కట్టెను రోడ్డు మీద కొట్టించుకున్నాడు. ఈ మనిషే తన తప్పును నాలుగేళ్లు గోనెసంచిలో చుట్టిపెట్టాడు. రెండూ ఒకే చేతులు చేసిన పనులు.

సుష్మ మోటారు గది దగ్గరికి పోయి గడ్డపార తెచ్చింది.

"లెయ్ నాయనా. రాయి తీయల్ల."

బయ్యన్న కదల్లేదు. "సున్నం గీత పోసుకో తల్లీ. రాయి మాత్రం కదపొద్దు. ఈ ఐదు దినాలు బెంగళూరులో ఏదన్నా కోర్టులో ఆడుకో. ఈ రాళ్లు గూడ ఆ గొలుసుతోనే పాతినామని అన్నకు తెలుసు. రాయి కదిలితే ఏంటికి కదిలిందంటాడు."

"నా చేయి ఈడ నేర్చుకుంది. ఈడనే మార్చుకోవల్ల. గీత పోసి రాయి అట్లనే పెడితే నా కన్ను రాయినే చూస్తాది." గడ్డపార నేలకు ఆనించింది. "నువ్వు లెయ్యకపోతే ఆదివారం నేను పోను. ఇంక యాడికీ పోను. రాకెట్లు ఈ కళ్లంలోనే పూడ్చిపెడతా. చెప్పు."

బయ్యన్న కూతురి ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఎక్కడన్నా మెత్తదనం దొరుకుతుందేమోనని చాలాసేపే చూశాడు. తర్వాత రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి లేచి, పక్కకు జరిగాడు.

పన్నెండేళ్ల రాయి ఊరికే రాలేదు. నేల గట్టిపడిపోయింది. సుష్మ నాలుగు పక్కలా తవ్వి, గడ్డపార కిందికి దూర్చి బలంగా ఒరిగింది. రాయి కదిలింది. రాయిని దొర్లించి, ఉత్తి గుంటను చూస్తూ నిలబడింది.

"ఏం కొలుస్తాండావు పాపా?"

ఆ గొంతు పన్నెండేళ్లుగా ఆమెతో మాట్లాడలేదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని జాతర చూపించిన పెద్దనాయన గొంతు అది. గట్టు మీద వీరప్ప నిలబడి ఉన్నాడు. తెల్లగడ్డం, చేతిలో కలుపు తీసే దోకుడుపార. ఆయన కళ్లు కూతురి వరుసైన పిల్ల మీదనుంచి తీసిన రాయి మీదికీ, అక్కడినుంచి నేలమీద పరిచిన గొలుసు మీదికీ పోయాయి. గొలుసు మీదనే ఆగాయి.

బయ్యన్న తల దించుకున్నాడు. "పాపా" అన్నాడు నోట్లోనే. చెప్పొద్దని ఆ మాటకు అర్థం. ఐదు రోజుల తర్వాత చెప్పు, ఆదివారం తర్వాత చెప్పు అని కూడా అర్థం. సుష్మకు అన్నీ వినిపించాయి. ఆ బోరు పోతే ఆదివారం తర్వాత తనకు ఇంకో ఆదివారం ఉండదన్నదీ ఆమెకు తెలుసు. అబద్ధం చెప్పడానికి ఒక్క మాట చాలు. కోర్టు బాగు చేసుకుంటున్నా అంటే ఆ పెద్దాయన తన దారిన పోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ఈ కోర్టు జానెడు ఎక్కువుండాది పెద్దనాయనా" అంది. "సరిగ్గా కొలుస్తాండా. నాయనకు చేతగావడం లేదు. ఈ కొస రోంత పట్టుకుంటావా?"

టేపు కొస ముందుకు చాపింది.

వీరప్ప దోకుడుపార గట్టున పెట్టాడు. చెప్పులు విడిచాడు. గట్టు దిగి, పన్నెండేళ్ల తర్వాత తాతల కళ్లంలో ఉత్తకాలు మోపి, సుష్మ చేతిలోంచి టేపు కొస అందుకున్నాడు. తమ్ముడి వైపు చూడలేదు. గొలుసు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆ పొట్టి ముక్కను బొటనవేలితో తాకి చూశాడు.

కానీ నెట్టు వైపు పోలేదు. టేపు కొస పిడికిట్లో బిగించుకుని వెనక్కి తిరిగి, చేలోకి దిగి, పడమటి దిక్కున వంక వైపు నడవసాగాడు. పంపకాలు మొదలుపెట్టి కొలిచింది అక్కడినుంచే, ఈ టేపుతో ఆరుసార్లు కొలిస్తే గట్టు సంగతి తేలుతుంది. సుష్మ చేతిలో టేపు చుట్ట గిరగిరా తిరుగుతోంది. బొటనవేలు అడ్డం పెడితే ఆగిపోతుంది.

బయ్యన్న కూతురి చేతి వైపే చూస్తున్నాడు. ఆమె బొటనవేలు పెట్టలేదు.